సముదాయ ఆర్కైవ్‌లో స్థానిక చరిత్ర సేకరణలు: స్వీకరించడం నుంచి పాఠకుడి చేతికి అందించడం దాకా

పాత కాగితాల విషయంలో కాగితం కన్నా ముందు నశించేది ఆ కాగితం గురించి తెలిసిన సంగతి. మంచి కాగితం మీద రాసిన లెక్కల పుస్తకం వందేళ్లు దాటినా నిలవగలదు గాని, అది ఎవరి దుకాణానిదో, అందులో అడ్డగీత కొట్టిన పేర్లు ఎవరివో చెప్పగల మనిషి వచ్చే ఏడాదికి ఉంటారన్న హామీ లేదు. సముదాయ ఆర్కైవ్‌లకు, అంటే స్థానికులే నడుపుకునే పాత కాగితాల భాండాగారాలకు, కలిగే నష్టంలో పెద్ద భాగం పురుగుల వల్ల, తేమ వల్ల కాక ఈ సంగతులు నమోదు కాకపోవడం వల్లనే జరుగుతుందని నా అభిప్రాయం. అందుకే ఈ మార్గదర్శిలో పనుల వరుసను ఆ లెక్కనే పెట్టాను: ముందు సంగతిని రాసిపెట్టడం, తరవాత వస్తువును కాపాడడం, ఆ తరవాతే స్కానింగు. ఒక పొడి గది, ఒక కంప్యూటరు, క్రమం తప్పకుండా వచ్చే ఇద్దరు ముగ్గురు స్వచ్ఛంద కార్యకర్తలు ఉంటే ఇక్కడ చెప్పిన పనులన్నీ మొదలుపెట్టవచ్చు.

1. ఏది తీసుకోవాలో, ఏది వద్దనాలో ముందే రాసుకోవడం

సేకరణ విధానం ఒక పేజీకి మించనక్కరలేదు. ఏ ప్రాంతానికి సంబంధించినవి, ఏ కాలానికి చెందినవి, ఏ రూపంలో ఉన్నవి తీసుకుంటామో అందులో స్పష్టంగా ఉండాలి. ఏవి తీసుకోమో కూడా అంతే స్పష్టంగా రాయాలి, ఎందుకంటే గుమ్మం దగ్గర పెట్టె పట్టుకుని నిలబడ్డ దాతకు కాదని చెప్పవలసి వచ్చినప్పుడు ఆదుకునేది ఆ వాక్యమే. అచ్చయి గ్రంథాలయాల్లో దొరికే పుస్తకాలకు ఆర్కైవ్‌లో చోటు కేటాయించడం సాధారణంగా దండగ. మరోచోట ప్రతి లేనివి, అంటే సంఘాల మినిట్సు (సమావేశాల్లో జరిగినది నమోదు చేసే) పుస్తకాలు, దుకాణాల లెక్కలు, ఉత్తరాలు, డైరీలు, చేత్తో గీసిన పటాలు, ఫొటో స్టూడియోల నెగటివ్‌లు, కరపత్రాలు, నోటీసులు ముందుగా రావాలి. పనిముట్లు, దుస్తులు, యంత్రాల వంటి వస్తువులకు కావలసిన సంరక్షణ వేరు. దానికి తగిన చోటు, అనుభవం లేకపోతే వాటిని మ్యూజియానికి పంపడమే మర్యాద.

ఇంకో మాట కూడా విధానంలో ఉండాలి. వాటంతట అవి వచ్చే సేకరణలు దాదాపు ఎప్పుడూ కాగితం దాచుకునే వెసులుబాటు ఉన్న ఇళ్ల నుంచే వస్తాయి. కూలీలు, వలస వచ్చినవారు, ఇంటి బయట రాతకోతలకు అవకాశం దొరకని స్త్రీలు ఆ కాగితాల్లో కనిపిస్తే ఒక పేరుగానో, ఒక వేలిముద్రగానో కనిపిస్తారు. ఎవరి జాడలు లేవో జాబితా వేసుకుని వారిని వెతుక్కుంటూ వెళ్లడం కూడా సేకరణలో భాగమే.

2. పెట్టె వచ్చిన రోజు

ఈ ఒక్క రోజు పనిని సరిగా చేస్తే తరవాతి తప్పులు చాలావరకు సరిదిద్దుకోవచ్చు. పెట్టె ఎలా వచ్చిందో అలాగే, మూత తీసి, ఏదీ కదపకుండా ఫొటో తీయండి. కట్టలు ఉంటే వాటి ముడులు విప్పకముందే ఒక్కో కట్టకు ఫొటో తీయండి. ఏ కట్ట పైన ఉందో, ఏ కవరులో ఏమున్నాయో అన్నది కూడా సాక్ష్యమే.

తరవాత దాతతో తీరిగ్గా మాట్లాడండి. ఇవి ఎవరు తయారు చేశారు, ఎవరు దాచారు, ఎక్కడ ఉండేవి, మధ్యలో ఎన్ని ఇళ్లు మారాయి, ఇంతకుముందు ఎవరైనా సర్దారా, ఏవైనా పారేశారా లేక బంధువులు పంచుకున్నారా అని అడగాలి. చివరి రెండు ప్రశ్నలు అడగడానికి మొహమాటపడతాం గాని, ఒక సంవత్సరపు లెక్కలు ఎందుకు లేవో అన్న సందేహానికి భవిష్యత్తులో పరిశోధకుడికి దొరికే జవాబు అక్కడే ఉంటుంది. దాత ఒప్పుకుంటే ఈ సంభాషణను ఫోనులో రికార్డు చేయండి. రికార్డింగు ఉన్నా సరే, అదే రోజు అరపేజీ నోటు రాయడం మానకండి.

దాన ఒప్పందం మీద సంతకం కూడా ఆ రోజే కావాలి. వస్తువు యాజమాన్యం ఆర్కైవ్‌కు వస్తుందా, లేక స్కాన్ చేసి తిరిగి ఇవ్వడానికే తీసుకున్నామా, కాపీరైటు ఎవరిది, కొంతకాలం బయటపెట్టకూడని కాగితాలు ఏవైనా ఉన్నాయా, మనకు అక్కరలేనివి తేలితే దాతకు తిరిగివ్వాలా లేక మనమే వదిలించుకోవచ్చా అనే అంశాలు అందులో ఉండాలి. కాలపరిమితి రాయని దీర్ఘకాలపు అరువులకు ఒప్పుకోకండి. పదేళ్ల తరవాత వారసులు వచ్చి అడిగితే ఇచ్చినదేదో, అరువు పెట్టినదేదో తేల్చడం ఎవరి తరమూ కాదు.

చివరగా స్వీకరణ రిజిస్టరు. ప్రతి రాకకు ఒక సంఖ్య, సంవత్సరం, ఆ ఏడాదిలో వరుస: 2025/14 లాగా. దాత వివరాలు, తేదీ, ఎన్ని పెట్టెలు, రెండు వాక్యాల్లో అందులో ఏముంది అన్నది చాలు. కంప్యూటరులో ఉన్నా, బైండు చేసిన పుస్తకంలో చేతిరాత ప్రతి ఒకటి ఉంచడం నాకు నచ్చే అలవాటు.

3. కొన్నాళ్లు వేరుగా ఉంచడం

కొత్తగా వచ్చినవాటిని నేరుగా నిల్వగదిలోకి తీసుకుపోకూడదు. వేరే బల్ల మీద బూజు, పురుగు జాడలు చూడాలి. పొడిగా ఎండిపోయిన పాత బూజు మరక వేరు, మెత్తగా నూగులా ఉండి ముట్టుకుంటే అంటుకునే బూజు వేరు. రెండోది కనిపిస్తే మాస్కు పెట్టుకుని, ఆ కాగితాలను విడిగా తీసి, తేమ తగ్గిన గాలిలో ఆరనివ్వాలి. తడిగా ఉన్నప్పుడు తుడిస్తే బూజు కాగితంలోకి మరింత దిగుతుంది. పురుగు పట్టిన కాగితాలను ప్లాస్టిక్ సంచిలో గాలి చొరబడకుండా మూసి, మైనస్ 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర రెండు వారాలు ఫ్రీజరులో ఉంచడం రసాయనాలు అక్కరలేని పద్ధతి. బయటకు తీశాక సంచిని గది ఉష్ణోగ్రతకు వచ్చేదాకా విప్పకూడదు. గాజు పలకల నెగటివ్‌లను మాత్రం ఈ పద్ధతికి దూరంగా ఉంచండి.

ఫిల్ము విషయంలో ముక్కు మంచి సాధనం. వెనిగర్ వాసన వస్తే అది సెల్యులోజ్ ఎసిటేట్ ఫిల్ము కుళ్లడం. ఆ ఆవిరి పక్కనున్న ఫిల్మును కూడా పాడుచేస్తుంది కనుక వెంటనే విడదీయాలి. 1950ల తొలినాళ్ల దాకా తయారైన సెల్యులోజ్ నైట్రేట్ ఫిల్ముకు తేలిగ్గా మంట అంటుకుంటుంది, అంటుకుంటే నీళ్లతో ఆర్పడం కష్టం. జిగటగా, గోధుమరంగులోకి మారిన పాత ఫిల్ము చుట్టలు కనిపిస్తే వాటిని భవనంలో ఉంచుకోకుండా పెద్ద ఫిల్ము ఆర్కైవ్‌నో, అగ్నిమాపక శాఖనో సలహా అడగండి.

4. అమరిక: విడదీయాలనే కోరికను అణచుకోవడం

కొత్తగా చేరిన కార్యకర్తలకు మొదట కలిగే ఆలోచన విషయాల వారీగా సర్దడం: బడులన్నీ ఒకచోట, ఎన్నికలన్నీ ఒకచోట, పెళ్లి ఫొటోలన్నీ ఒకచోట. గ్రంథాలయానికి అది సబబు. ఆర్కైవ్‌కు అది అపకారం.

ఉదాహరణకు ఒక సహకార సంఘం కార్యదర్శి ఇంటి నుంచి వచ్చిన పెట్టెలో సంఘం మినిట్సు, ఆయన ఉత్తరాలు, ఒక కట్ట ఎన్నికల కరపత్రాలు ఉన్నాయనుకుందాం. కరపత్రాలను ఎన్నికల ఫైలులోకి, ఉత్తరాలను ఉత్తరాల పెట్టెలోకి పంపితే దేనికదే చక్కగా ఉంటుంది. కాని అప్పు మంజూరు చేసిన సంఘానికి, ఓటు అడిగిన అభ్యర్థికి మధ్య ఒకే మనిషి నిలబడి ఉన్నాడన్న సంగతి ఇక ఎవరికీ తెలియదు. చరిత్రకారుడికి ఒక్కో కాగితం కన్నా ఆ సంబంధమే విలువైనది. ఒకరి వద్ద నుంచి వచ్చిన కాగితాలను మరొకరి కాగితాలతో కలపకూడదనే సూత్రాన్ని ఫ్రాన్సు ప్రభుత్వం 1841లో తన ఆర్కైవ్‌లకు ఉత్తర్వుగా ఇచ్చింది. వాటిని తయారు చేసినవారు పెట్టుకున్న వరుసను కూడా చెదరగొట్టరాదనే నియమాన్ని 1881లో జర్మనీలోని ప్రష్యా రాజ్యపు ఆర్కైవ్‌లు చేర్చాయి. నేటికీ వృత్తి మొత్తం ఈ రెండింటి మీదే నడుస్తోంది.

ఆచరణలో దీన్ని ఇలా చేయాలి. ఒక దాత నుంచి వచ్చిందంతా సాధారణంగా ఒక సేకరణ అవుతుంది. ఒకే సంఘం కాగితాలు ముగ్గురి ఇళ్ల నుంచి వస్తే, అవి ఆ సంఘం సేకరణలోనే చేరతాయి గాని, ఏది ఎవరి ద్వారా వచ్చిందో స్వీకరణ సంఖ్య చెబుతూనే ఉంటుంది. సేకరణ లోపల సహజంగా ఏర్పడిన శ్రేణులను గుర్తించండి: మినిట్సు, లెక్కలు, ఉత్తరప్రత్యుత్తరాలు, ఫొటోలు. శ్రేణి లోపల ఫైళ్లు, ఫైలులో విడి కాగితాలు ఉంటాయి. దాచినవారి వరుస కనిపిస్తే, అది మనకు వింతగా తోచినా, అలాగే ఉంచాలి. కుప్పగా వచ్చినవాటికి ఏ వరుసా లేకపోతే తేదీల ప్రకారమో, పేర్ల ప్రకారమో మనమే పెట్టవచ్చు. పెట్టింది మనమేనని వివరణలో ఒక వాక్యం రాయడం తప్పనిసరి.

ఫొటోలు, పెద్ద పటాలు, ఫిల్ములను సంరక్షణ కోసం వేరే పెట్టెల్లో పెట్టవలసి వస్తుంది. అప్పుడు అవి ఉన్న చోట ఒక చీటీ పెట్టి, ఏ పెట్టెలోకి మార్చామో రాయాలి. వేరయ్యేది భౌతికంగానే, జాబితాలో ఆ సంబంధం అలాగే నిలవాలి.

5. వివరణ రాయడం

అంతర్జాతీయ ఆర్కైవ్‌ల మండలి 1994లో తొలిసారి ప్రకటించి, 2000లో సవరించిన వివరణ ప్రమాణంలో 26 అంశాలున్నాయి. చిన్న ఆర్కైవ్ వాటిలో ఆరింటిని తప్పక పూరిస్తే చాలు: గుర్తింపు సంఖ్య, శీర్షిక, తయారు చేసిన వ్యక్తి లేదా సంస్థ, తేదీలు, పరిమాణం, వివరిస్తున్నది ఏ స్థాయినో. డిజిటల్ వస్తువుల విషయంలో డబ్లిన్ కోర్ అనే 15 అంశాల వివరణ పద్ధతి సరళంగా ఉంటుంది. రెండింటినీ మామూలు స్ప్రెడ్‌షీటులోనే మొదలుపెట్టవచ్చు. సాఫ్ట్‌వేర్ ఎంపిక గురించి నెలల తరబడి చర్చించే ఆర్కైవ్‌లలో జాబితాలు మాత్రం తయారు కావు.

పైనుంచి కిందికి రాసుకుంటూ రండి. ముందు అన్ని సేకరణలకూ ఒక్కో పేరా, తరవాత ముఖ్యమైనవాటికి శ్రేణుల జాబితా, ఆ తరవాత ఎక్కువమంది అడిగేవాటికి ఫైళ్ల జాబితా. ప్రతి ఉత్తరానికీ విడిగా వివరణ రాయాలనే పట్టుదలతో మొదలుపెడితే మొదటి పెట్టె అద్భుతంగా ఉంటుంది, మిగిలిన ముప్పై పెట్టెల్లో ఏముందో ఎవరికీ తెలియదు.

శీర్షికలో పొగడ్తలు వద్దు. ‘అరుదైన చారిత్రక పత్రాలు’ అనేది ఎవరికీ ఏమీ చెప్పదు. ‘నేతకార్మికుల సంఘం మినిట్సు, చందా రసీదులు, 1934–1951, రెండు పెట్టెలు’ అన్నది చెబుతుంది. తేదీ ఊహించినదైతే దాన్ని చదరపు కుండలీకరణాల్లో పెట్టి, ఊహకు ఆధారం రాయాలి. పాత పంచాంగం ప్రకారం ఉన్న తేదీని అలాగే ఎత్తిరాసి, పక్కన నేటి లెక్క ఇవ్వాలి. వీధుల పాత పేర్లు, ఇంటిపేర్ల వేర్వేరు వర్ణక్రమాలు అన్నీ చేర్చాలి, ఎందుకంటే వెతికేవారు తమ ఇంట్లో విన్న పేరుతోనే వెతుకుతారు. కాగితంలో ఉన్నది ఒకటి, దాత చెప్పింది ఒకటి, మనం అనుకున్నది మరొకటి. ఈ మూడూ ఒకే వాక్యంలో కలిసిపోకుండా ‘దాత కథనం ప్రకారం’ వంటి మాటలతో విడదీయడం మంచి వివరణకు గుర్తు. కాగితం మీదున్న కించపరిచే పదాలను చెరపకూడదు గాని, వాటిని మన మాటలుగా శీర్షికలో వాడకూడదు.

6. పేర్లు లేని ఫొటోలు

ఏ స్థానిక సేకరణలోనైనా పెద్ద సంఖ్యలో ఉండేవి, తక్కువ సమాచారం ఉండేవి ఇవే. మొదట ఫొటో రూపాన్ని చూడండి. సుమారు రెండున్నర అంగుళాల వెడల్పు, నాలుగు అంగుళాల పొడవుతో మందపాటి అట్టకు అంటించిన చిన్న చిత్రమైతే అది 1854లో ఫ్రాన్సులో పేటెంటు పొందిన కార్డు ఫొటో పద్ధతికి చెందినది కావచ్చు, అంటే అంతకన్నా పాతది కాదు. సుమారు నాలుగుంపావు, ఆరున్నర అంగుళాల పెద్ద అట్ట 1860ల రెండో సగం నుంచి వాడుకలోకి వచ్చింది. ప్లాస్టిక్ పూత కలిగి నీళ్లు పీల్చని కాగితం 1970ల నుంచి విస్తరించింది. వెనకవైపు కాగితం కంపెనీ ముద్ర, స్టూడియో చిరునామా, ఫోను నంబరులోని అంకెల సంఖ్య కాలాన్ని ఇంకా దగ్గరికి తెస్తాయి.

తరవాత చిత్రంలోని నేపథ్యం: కరెంటు స్తంభాలు, వాహనాలు, దుకాణాల బోర్డులు, పూర్తయిన లేదా ఇంకా కట్టని భవనాలు. మనుషుల ముఖాల మీదకు చూపు పోతుంది గాని, తేదీ చెప్పేది ఎక్కువగా వెనక గోడే. ఒక ఫొటో ఫలానా సంవత్సరం తరవాతిదని ఒక ఆధారం, ఫలానా సంవత్సరానికి ముందుదని మరో ఆధారం దొరికితే, ఆ రెండింటి మధ్య కాలాన్ని నమోదు చేయడం ఒకే సంవత్సరాన్ని ధైర్యంగా రాయడం కన్నా నిజాయతీ.

పెద్దవారిని కూర్చోబెట్టి గుర్తింపు సమావేశాలు పెడితే ఫలితం బాగుంటుంది. అందరికీ ఒకేసారి చూపిస్తే మొదట గట్టిగా చెప్పినవారి మాటే మిగతావారి జ్ఞాపకమైపోతుంది. కనుక ముందు విడివిడిగా కాగితం మీద రాయించి, తరవాత కలిపి చర్చించండి. చెప్పినవారి పేరు, తేదీ నమోదు చేయండి, భిన్నాభిప్రాయాలుంటే రెండూ ఉంచండి. ఫొటో వెనక రాయవలసి వస్తే మెత్తటి పెన్సిలుతో, అంచున, నొక్కకుండా రాయాలి. ప్లాస్టిక్ పూత కాగితం మీద పెన్సిలు పట్టదు కనుక కవరు మీద రాయండి, అదీ ఫొటోను లోపల పెట్టకముందు.

7. నిల్వ

అటక, నేలమాళిగ రెండూ పనికిరావు. లోపలి గోడలున్న, నీటి గొట్టాలు పైనుంచి పోని గది మేలు. బీరువాలు లోహంవి, కింది అర నేలకు కనీసం అరడుగు ఎత్తులో ఉండాలి. గాలిలో తేమ 35 నుంచి 50 శాతం మధ్య ఆదర్శం. అది సాధ్యం కాని వాతావరణంలో కనీసం 65 శాతం దాటకుండా చూడండి, ఆ పైన బూజుకు పండుగే. రోజూ పెరిగి తగ్గే తేమ కూడా ప్రమాదమే. కనుక పగలు మాత్రమే ఏసీ వేసి రాత్రి ఆపడం అసలు వేయకపోవడం కన్నా చెడ్డది కావచ్చు. తేమ కొలిచే చిన్న పరికరం కొని, దాని అంకెలను వారానికోసారి రాయడం తొలి ఖర్చుగా పెట్టుకోండి.

కాగితాలకు ఆమ్ల రహిత ఫోల్డర్లు, పెట్టెలు వాడాలి. క్షారం కలిపిన రకం మామూలు కాగితాలకు మంచిది, నీలం పటాలకు (బ్లూప్రింట్లకు), రంగు ఫొటోలకు క్షారం కలపనివి కావాలి. ప్లాస్టిక్ కవర్లలో పాలియెస్టర్, పాలీప్రొపిలీన్ సురక్షితం, పి.వి.సి. వద్దు. తుప్పుపట్టిన గుండుసూదులు, పేపర్ క్లిప్పులు, రబ్బరు బ్యాండ్లు మెల్లగా తీసేయండి. అంటించే టేపుతో చిరుగులు అతికించడం మాత్రం ఎన్నడూ చేయకూడదు, లామినేషన్ అంతకన్నా ఘోరం. న్యూస్‌ప్రింటులో లిగ్నిన్ అనే చెక్కలోని పదార్థం ఉండడం వల్ల అది పచ్చబడుతూ పక్క కాగితానికీ మరక అంటిస్తుంది. అందువల్ల పత్రికల కత్తిరింపులను మంచి కాగితం మీద నకలు తీసి, అసలును వేరుగా పెట్టండి. తెల్లటి నూలు చేతొడుగులు టీవీలో బాగుంటాయి గాని, పెళుసు కాగితానికి కడిగి ఆరబెట్టుకున్న చేతులే మేలు. ఫొటోలకు, నెగటివ్‌లకు నైట్రైల్ (కృత్రిమ రబ్బరు) చేతొడుగులు వాడండి.

8. స్కానింగు

స్కాన్ చేసినంత మాత్రాన అసలును పారేయవచ్చని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. రాత కాగితాలకు అంగుళానికి 300 చుక్కలు, పోస్టుకార్డు సైజు ఫొటోలకు 600, చిన్న నెగటివ్‌లకు ఇంకా ఎక్కువ అవసరం. నలుపు తెలుపు ఫొటోలనూ రంగులోనే స్కాన్ చేస్తే మరకలు, వెలిసిన తీరు తెలుస్తాయి. అసలు ప్రతి కుదించని టిఫ్‌లో, చూపించే ప్రతి జేపెగ్‌లో ఉండాలి. వెనకవైపు ఏదైనా ఉంటే అదీ స్కాన్ చేయాలి. ఫైలు పేరు గుర్తింపు సంఖ్యే కావాలి, ఖాళీలు లేకుండా.

మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాలు, ఒక ప్రతి వేరే చోట అనే నియమం పాటించండి. ప్రతి ఫైలుకు చెక్‌సమ్ (ఫైలులోని సమాచారం నుంచి కంప్యూటరు లెక్కగట్టే గుర్తు సంఖ్య) తీసి, ఏడాదికోసారి సరిపోల్చితే నిశ్శబ్దంగా చెడిన ఫైళ్లు బయటపడతాయి. సామాజిక మాధ్యమంలో పెట్టింది భద్రపరచినట్టు కాదు.

9. మౌఖిక చరిత్ర

ఇది వేరే మార్గదర్శి కావలసినంత విషయం కనుక సేకరణతో ముడిపడినంత మేరకే చెబుతాను. దాతల కుటుంబాలతో, ఫొటోల్లో గుర్తించిన వారితో చేసే రికార్డింగులను 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ ఫైళ్లుగా తీసి, సంబంధిత సేకరణకు వివరణలో జోడించండి. ఫోటోను చేతికిచ్చి ‘ఇందులో ఏం జరుగుతోంది’ అని అడిగి ఊరుకుంటే, ప్రశ్నావళి కన్నా ఎక్కువ దొరుకుతుంది. మాట్లాడినవారి రాతపూర్వక సమ్మతి లేని రికార్డింగును ఎవరికీ వినిపించకూడదు.

10. చూపించడం, చూపించకపోవడం

ఉత్తరం కాగితం అందుకున్నవారిది, అందులోని రచన మీద హక్కు రాసినవారిది, వారి తరవాత వారసులది. దాత ఉత్తరాల కట్ట ఇచ్చినంత మాత్రాన వాటిని ప్రచురించే హక్కు మనకు రాదు. కాపీరైటుపై దేశాల మధ్య కుదిరిన బెర్న్ ఒప్పందం ప్రకారం రచయిత మరణించాక కనీసం 50 సంవత్సరాలు కాపీరైటు ఉంటుంది, అనేక దేశాల చట్టాల్లో అంతకన్నా ఎక్కువే.

చట్టం అనుమతించినా ఆగవలసినవి ఉంటాయి: వైద్య వివరాలు, దత్తత కాగితాలు, బడి రిజిస్టర్లలోని వ్యాఖ్యలు, బతికున్నవారి అప్పులు, తగాదాలు. అలాంటి ఫైళ్లకు మూసివేత కాలం పెట్టి, ఆ తేదీని జాబితాలో చూపండి. ఫైలు ఉందన్న సంగతిని మాత్రం దాచకండి. చిన్న చోట్ల ఈ జాగ్రత్త మరింత అవసరం, ఎందుకంటే పేరు కొట్టేసినా ఆ కుటుంబం ఏదో అందరికీ తెలిసిపోతుంది. ఎవరైనా అభ్యంతరం చెబితే ఎవరు, ఎన్ని రోజుల్లో నిర్ణయిస్తారో ముందే రాసి ఉంచాలి.

చదువుకునే బల్ల నిల్వగదికి వేరుగా, కార్యకర్త కంటికి ఎదురుగా ఉండాలి. పెన్సిలు మాత్రమే, ఒకసారికి ఒక పెట్టె, పెట్టెలోంచి ఒకసారికి ఒక ఫోల్డరు. ప్రదర్శనల్లో అసలు ఫొటోలకు బదులు నకళ్లు పెడితే వెలుతురు గురించి ఆందోళన ఉండదు.

11. మనం లేనప్పుడు

సముదాయ ఆర్కైవ్‌లు తరచు ఒకరిద్దరి పట్టుదల మీద నిలుస్తాయి, వారు తప్పుకోగానే తాళం పడుతుంది. గది తాళాలు, పాస్‌వర్డులు, దాన ఒప్పందాల ఫైలు, పెట్టెల స్థాన పటం ఎక్కడున్నాయో ఇద్దరికి మించి తెలియాలి. గదిలోకి నీళ్లొస్తే ముందు ఏ పెట్టెలు బయటకు తీయాలో తలుపు లోపలివైపు అంటించాలి. తడిసిన కాగితాలకు దాదాపు 48 గంటల్లో బూజు పట్టడం మొదలవుతుంది, అంతలో ఆరబెట్టలేనివాటిని ఫ్రీజరులో పెట్టి గడువు సంపాదించవచ్చు.

ఆర్కైవ్ మూతపడవలసి వస్తే సేకరణలు ఏ సంస్థకు చేరాలో నియమావళిలో పేరుతో సహా రాయండి. ఆ సంస్థ నుంచి రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకుని, ఏటా స్వీకరణ రిజిస్టరు నకలు వారికి పంపండి. ఇదే షరతును దాన ఒప్పందంలోనూ చేరిస్తే, బదిలీ రోజున ప్రతి దాత కుటుంబాన్నీ వెతికి అనుమతి అడగవలసిన అవసరం ఉండదు.